పేరు పెట్టేశాక చూడడం ఆగిపోతుంది

(అత్యవసర విభాగాల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులను ఉద్దేశించి పిల్లల వైద్యులొకరు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా ఇక్కడికి వచ్చినవారు కొందరు కనిపిస్తున్నారు. పిల్లల తల్లిదండ్రులు కూడా కొందరు వెనుక వరుసల్లో కూర్చున్నారు. వారు ఉండడం మంచిదే. నేను చెప్పే వాటిలో సగం వారి సాయం లేకుండా జరిగేవి కావు.

మన దగ్గరికి అత్యవసరంగా తీసుకొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి పెద్ద జబ్బేమీ ఉండదు. జలుబు, దగ్గు, రెండు రోజుల జ్వరం, నాలుగు వాంతులు. చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. అలాంటి పిల్లలను వరుసగా ముప్పై మందిని చూశాక ముప్పై ఒకటో బిడ్డ వస్తుంది. అదే జ్వరం, అవే వాంతులు. లోపల ఉన్నది మాత్రం వేరు. అంతకుముందు ముప్పై మందికి సరిపోయిన పేరే ఈ బిడ్డకూ పెట్టేస్తాం. చీటీ మీద ‘వైరల్ జ్వరం’ అని పడుతుంది. తర్వాత వచ్చే నర్సు ఆ పేరు చదువుతుంది. పొద్దున డ్యూటీ మారిన డాక్టరూ ఆ పేరే చదువుతారు. పేరు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్తూ ఉంటుంది. బిడ్డను మళ్లీ కొత్తగా చూసేవారు ఎవరూ ఉండరు.

అందుకే నా మాట ఒక్కటే. పేరు పెట్టే ముందు చూడండి, పెట్టాక కూడా చూడండి. రోగం పేరు తెలియకపోతే ‘ఇంకా తేలలేదు’ అని రాయండి. అందులో నామోషీ ఏముంది? తేలలేదని రాసి ఉన్న బిడ్డను తర్వాత వచ్చిన డాక్టరు జాగ్రత్తగా చూస్తారు. తప్పు పేరు రాసి ఉంటే ఎవరూ చూడరు.

చూడడం అంటే ఏమిటి? స్టెతస్కోపు మెడలోనే ఉండనివ్వండి. బిడ్డను ముట్టుకోకండి. అమ్మ ఒడిలో ఉన్న బిడ్డను రెండడుగుల దూరం నుంచి అరనిమిషం చూడండి. అత్యవసర పిల్లల వైద్యంలో దీన్ని త్రిభుజం అంటారు. బిడ్డ వాలకం ఎలా ఉంది, ఊపిరి ఎలా తీస్తోంది, ఒంటి రంగు ఎలా ఉంది, ఈ మూడే. కళ్ళు మనల్ని వెతుకుతున్నాయా? కొత్త మనిషిని చూసి అమ్మ భుజంలో ముఖం దాచుకుంటోందా? డొక్కలు ఎగరేస్తోందా, ముక్కుపుటాలు అదురుతున్నాయా, ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతోందా? పాలిపోయి, చర్మం మీద చారలు చారలుగా ఉందా? గుక్కపట్టి ఏడ్చే బిడ్డను చూసి మనం కంగారు పడతాం. సూది గుచ్చినా ఏడవని బిడ్డను చూసి కంగారు పడాలి.

తర్వాత ఊపిరి లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం కాదు, నిండు నిమిషం. బట్ట పైకి తీసి, బిడ్డ ఏడవనప్పుడు, జ్వరం మరీ ఎక్కువగా లేనప్పుడు. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40. అంతకు చేరినా, దాటినా వేగంగా ఊపిరి తీస్తున్నట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏనాడో చెప్పిన లెక్క ఇది. మీ అందరికీ తెలుసు. కానీ మొన్న రాసిన కేస్ షీట్లు తీసి చూడండి. బిడ్డ తర్వాత బిడ్డకు అదే అంకె కనిపిస్తే, అది లెక్కపెట్టి రాసిన అంకె అని ఎలా నమ్మాలి?

బీపీ గురించి ఒక్క మాట. ‘బీపీ బాగానే ఉంది’ అనే మాట పెద్దల విషయంలో కొంత ధైర్యం ఇస్తుంది. పిల్లల విషయంలో ఆ ధైర్యం పనికిరాదు. రక్త ప్రసరణ దెబ్బతింటున్నప్పుడు పిల్లల శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగం పెంచి బీపీని చివరిదాకా నిలబెడుతుంది. పడిపోయిందంటే బిడ్డ అప్పటికే చాలా దూరం వెళ్లిపోయినట్టు. అంతకంటే ముందే చెప్పేవి ఉన్నాయి. గుండె వేగం, చల్లబడిన పాదాలు, తగ్గిన మూత్రం. రొమ్ము ఎముక మీద అయిదు సెకన్లు వేలితో నొక్కి వదలండి. పాలిపోయిన చోట రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లు దాటిందంటే ఆ బిడ్డను ఇంటికి పంపే ప్రసక్తే లేదు.

సరే. ఇక ఎక్కువగా మోసం చేసే ఫిర్యాదు దగ్గరికి వస్తాను. వాంతులు.

విరేచనాలు లేకుండా వాంతులు మాత్రమే ఉన్న బిడ్డ చీటీ మీద ‘గ్యాస్ట్రో’ అని, అంటే కడుపు, పేగుల ఇన్ఫెక్షన్ అని రాయకండి. ఇది మళ్లీ చెబుతాను. విరేచనాలు లేని వాంతులకు గ్యాస్ట్రో అని రాయకండి. ఒక్కోసారి అది గ్యాస్ట్రో మొదలే కావచ్చు, కాదనను. కానీ ఆ పేరు రాయడానికి ముందు చూడాల్సినవి ఉన్నాయి.

ఎనిమిది నెలల బిడ్డ అనుకోండి. బొద్దుగా ఉన్న బిడ్డ, నిన్నటిదాకా ఆడుకుంది. సాయంత్రం నుంచి ఉన్నట్టుండి కెవ్వున ఏడుస్తోంది. కాళ్ళు కడుపులోకి ముడుచుకుంటోంది, ముఖం పాలిపోతోంది. రెండు మూడు నిమిషాలకు ఏడుపు ఆగిపోతుంది. పావుగంటో అరగంటో మామూలుగా ఉంటుంది, మళ్లీ అదే ఏడుపు. ఇంట్లో పెద్దవారు దిష్టి తీస్తారు, వాము నీళ్ళు పడతారు. మన దగ్గరికి వచ్చేసరికి రెండు ఏడుపులకు మధ్య ఉంటుంది బిడ్డ. పొట్ట మెత్తగా ఉంటుంది, కొంచెం మత్తుగా పడుకుని ఉంటుంది. ‘ఏడ్చి ఏడ్చి అలసిపోయింది’ అనుకుని చుక్కల మందు రాసి పంపేస్తాం. ఆ బిడ్డకు పేగులో ఒక భాగం పక్క భాగంలోకి చొచ్చుకుపోయి ఉండవచ్చు. పుస్తకాల్లో రాసినట్టు ఎర్రటి జిగురు విరేచనం కోసం చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది, అది చాలాసార్లు చివర్లో కనిపించే లక్షణం. ఆ బిడ్డను ఒక గంట మన దగ్గరే ఉంచుకుంటే చాలు. ఇంకో ఏడుపు మన కళ్ళ ముందే వస్తుంది. అల్ట్రాసౌండ్ చేస్తే తెలిసిపోతుంది. వేళకు కనిపెడితే ఆసన మార్గం గుండా గాలి పంపి, ఆపరేషన్ లేకుండానే చాలామందికి సరిచేయవచ్చు. ఆలస్యమైతే పేగు కుళ్ళుతుంది. ఒక గంట పరిశీలన ఎంత పని చేస్తుందో చూడండి.

ఇంకో బిడ్డ. తొమ్మిదేళ్ల అమ్మాయి. వాంతులు, కడుపు నొప్పి, నోరెండిపోయింది, ఆయాసం. ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే ఏ చప్పుడూ లేదు, శుభ్రంగా ఉంది. ఆక్సిజన్ 99. ఊపిరి మాత్రం లోతుగా, వేగంగా, ఆగకుండా. ఊపిరితిత్తులు బాగుండి ఊపిరి అలా ఎందుకు తీస్తోంది? ఈ ప్రశ్న వేసుకుంటే చాలు, చెయ్యి గ్లూకోమీటర్ మీదికి దానంతట అదే వెళ్తుంది. మొదటిసారి బయటపడుతున్న మధుమేహం అది. రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయి, వాటిని వదిలించుకోవడానికి శరీరం అలా ఊపిరి తీస్తుంది. మరో ఆధారం కూడా ఉంది. ఇంతగా ఎండిపోయిన బిడ్డ మూత్రానికి మాత్రం మాటిమాటికీ వెళ్తోంది. వాంతులు, విరేచనాలతో ఎండిపోయిన బిడ్డకు మూత్రం తగ్గాలి కదా? దీన్ని న్యుమోనియా అనుకునేవారున్నారు, అపెండిక్స్ అనుకునేవారున్నారు, ఆస్తమా అని నెబ్యులైజర్ పెట్టేవారూ ఉన్నారు. చుక్క రక్తంతో, ఒక నిమిషంలో తేలిపోయే విషయం ఇది. వాంతులతో గానీ ఆయాసంతో గానీ మత్తుతో గానీ వచ్చిన ప్రతి బిడ్డకూ గ్లూకోజ్ చూడండి. ప్రతి బిడ్డకూ.

తల్లిదండ్రులకు ఇక్కడొక మాట. ఇటలీలో పార్మా అనే ఊరు ఉంది. 1990ల్లో అక్కడి వైద్యులు బడుల్లో, పిల్లల డాక్టర్ల దగ్గర పోస్టర్లు అంటించారు. అందులో ఉన్నది చాలా చిన్న సంగతి. పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడపడం మొదలుపెడితే, విపరీతంగా దాహం వేస్తుంటే డాక్టరుకు చూపించండి అని. ఆ ప్రాంతంలో ప్రమాదకర స్థితిలో బయటపడే మధుమేహం కేసులు బాగా తగ్గిపోయాయి. మన బడి గోడల మీద అలాంటి పోస్టరు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది? ఏడేళ్ల పిల్లవాడు కొత్తగా పక్క తడుపుతున్నాడంటే తిట్టకండి, రక్తంలో గ్లూకోజ్ పరీక్ష చేయించండి.

ఇప్పుడు మన ఊళ్లకు సంబంధించినది. తెల్లవారుజామున నాలుగింటికి నిద్ర లేచి కడుపు నొప్పి అంటున్న పిల్లవాడు. రెండు వాంతులయ్యాయి. రాత్రి నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. ఈ సమయంలో, నేల మీద పడుకున్న బిడ్డకు కడుపు నొప్పి అనగానే నాకు గుర్తొచ్చేది కట్లపాము. రాత్రిపూట నిద్రలో ఉన్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కనిపించకపోవచ్చు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి. ‘నిద్ర చాలలేదు’ అంటారు ఇంట్లోవారు. గొంతు పట్టేసినట్టు ఉంటుంది, మింగలేడు, ఆ తర్వాత ఊపిరి కండరాలు పనిచేయవు. రక్తం గడ్డకడుతోందా అని చేసే ఇరవై నిమిషాల పరీక్ష మామూలుగానే ఉంటుంది. దాన్ని చూసి విషం లేదు అనుకోకూడదు, ఎందుకంటే ఈ పాము విషం దెబ్బతీసేది నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాలను. ‘పైకి చూడు నాన్నా, చూస్తూ ఉండు’ అని నిమిషం పాటు చూపు పైకి నిలిపించండి. రెప్పలు వాలిపోతున్నాయా? అయితే పాము విషానికి ఇచ్చే మందు, ఊపిరి అందించే యంత్రం ఉన్న చోటికి ఆ బిడ్డ వెంటనే చేరాలి. దారిలో ఊపిరి తగ్గితే గాలి సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి ఇవ్వగలిగిన మనిషి తోడు ఉండాలి.

తేలు కూడా అంతే. మాటలు రాని బిడ్డ ఉన్నట్టుండి కెవ్వుమంటుంది, వాంతి చేసుకుంటుంది, ఒళ్లంతా చెమట, చేతులు కాళ్ళు మంచులా చల్లగా. ఎర్ర తేలు కుట్టినప్పుడు గుండె మీద పడే భారం అది. మహారాష్ట్రలోని మహాడ్ లాంటి చిన్న ఊరిలో పనిచేస్తూ డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ గారు ప్రాజోసిన్ మాత్రతో ఇలాంటివారి ప్రాణాలు నిలబెట్టవచ్చని చూపించారు. చవకైన మాత్ర, నోటితో ఇచ్చేదే. మీ అత్యవసర మందుల పెట్టెలో అది ఉందా? ఈ రోజు వెళ్లగానే తెరిచి చూడండి. నర్సమ్మలూ, ఇది మీకే చెబుతున్నాను, ఎందుకంటే ఆ పెట్టెలో ఏముందో మా కంటే మీకే బాగా తెలుసు.

వాంతుల సంగతి వదిలే ముందు ఇంకొకటి. పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లవాడు పొత్తికడుపులో నొప్పి, వాంతి అంటాడు. సిగ్గుతో నొప్పి అసలు ఎక్కడుందో చెప్పడు. నిక్కరు విప్పి చూడకపోతే వృషణం మెలిపడిన సంగతి మనకు ఎలా తెలుస్తుంది? ఆరు గంటల లోపు సరిచేస్తే చాలావరకు దక్కుతుంది, రోజు గడిస్తే దాదాపు దక్కదు. తెర లాగి, తండ్రినో తల్లినో పక్కన ఉంచుకుని, ఎందుకు చూస్తున్నామో చెప్పి చూడండి. చూడడం మొహమాటమైతే ఆ పిల్లవాడు జీవితాంతం అనుభవించాలి. అలాగే నడక రాని పసిబిడ్డల బట్టలన్నీ విప్పి చూడాలి. నడక రాని బిడ్డ ఒంటి మీద కమిలిన మచ్చలు ఎలా వచ్చాయి? ఆ ప్రశ్న అడగడం కష్టమే. అడగాలి.

ఆయాసం గురించి క్లుప్తంగా చెబుతాను. పిల్లికూతలు వినిపించిన ప్రతి బిడ్డకూ ఆస్తమా కాదు. ఒక వైపే కూత వినిపిస్తే, ఒక వైపు గాలి తక్కువ వెళ్తుంటే, నెబ్యులైజర్ పెట్టిన కొద్దీ తగ్గకపోతే తల్లిని ఒకే ప్రశ్న అడగండి. ‘ఈ మధ్య ఏమైనా తింటూ ఒక్కసారిగా పొలమారిందా అమ్మా?’ పల్లీ గింజ, శనగపప్పు, సీతాఫలం గింజ. ఆ క్షణంలో విపరీతంగా దగ్గి, తర్వాత బాగైపోయిందని ఇంట్లో మరచిపోయి ఉంటారు. మనం అడిగితే గుర్తొస్తుంది. పల్లీ గింజ ఎక్స్‌రేలో కనిపించదు, ఎక్స్‌రే మామూలుగా ఉంది కదా అని వదిలేయకండి. ఇక ఎక్స్‌రేలో గొంతు దగ్గర గుండ్రంగా రూపాయి బిళ్ళలా కనిపిస్తే అంచును దగ్గరగా చూడండి. అంచు లోపల మరో వలయం ఉంటే అది నాణెం కాదు, బటన్ బ్యాటరీ. ఆహార నాళాన్ని రెండు గంటల్లోనే కాల్చేయగలదు. ‘పొద్దున పరగడుపున తీద్దాం’ అనే మాట అక్కడ చెల్లదు. ఏడాది దాటిన బిడ్డ, మింగి ఎక్కువ సేపు కాలేదు, మింగగలుగుతోంది అంటే పెద్ద ఆసుపత్రికి వెళ్లే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె ఇవ్వడం మంచిది. అలాగని తేనె కోసం ఆగి ప్రయాణం ఆలస్యం చేయకండి.

ఇక జ్వరం. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు వచ్చిందంటే దానికి వైరల్ అని పేరు పెట్టే అధికారం మనకు లేదు. పరీక్షలు చేయాలి, చేర్చుకోవాలి. ఏడాది లోపు పిల్లల్లో మెదడు పొరలకు చీము పట్టినా మెడ బిగుసుకోకపోవచ్చు. ఉబ్బిన మాడు, ఎత్తుకుంటే ఎక్కువయ్యే ఏడుపు, పాలు మానేయడం, ఇవే చెబుతాయి.

డెంగీ దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. వానాకాలం వచ్చిందంటే మన రెండు రాష్ట్రాల్లో ప్రతి ఇంట్లోనూ ప్లేట్‌లెట్ల అంకెలే. ‘లక్ష ఉన్నాయండీ, ఎనభై వేలకు వచ్చాయండీ.’ తల్లిదండ్రులు ఆ అంకె చుట్టూ తిరుగుతారు, మనం వారిని తిప్పుతాం. నా బాధ ఏమిటంటే, ఆ హడావుడిలో బిడ్డ పాదాలు చల్లబడడం ఎవరూ చూడరు. డెంగీలో పిల్లలను ఎక్కువగా ముంచేది రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం. అది మొదలయ్యేది ఎప్పుడు? జ్వరం తగ్గేటప్పుడు. సుమారు మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. ‘జ్వరం తగ్గిందండీ, కానీ నీరసంగా పడుకునే ఉన్నాడు, కడుపు నొప్పి అంటున్నాడు, వాంతులు ఆగడం లేదు’ అని తల్లి అంటుంది. మనకు మొదటి ముక్క మాత్రమే వినిపిస్తుంది. జ్వరం తగ్గిన బిడ్డ లేచి ఆడాలి, అన్నం అడగాలి. జ్వరం తగ్గాక బిడ్డ ఇంకా వాడిపోతే అది ప్రమాదం. అప్పుడు చూడాల్సింది నాడి, పాదాలు, కాలేయం, మూత్రం, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం). ప్లేట్‌లెట్లు పడిపోతూ హెమటోక్రిట్ పెరుగుతుంటే ద్రవం బయటికి కారుతున్నట్టు.

అయిదు రోజులు దాటినా తగ్గని జ్వరం, పుసి లేకుండా ఎర్రబడ్డ కళ్ళు, పగిలిన ఎర్రటి పెదవులు, ఒంటి మీద దద్దు ఉంటే కవాసాకి గుర్తు తెచ్చుకోండి, రక్తనాళాలకు వాపు తెచ్చే జబ్బు అది. భుజం మీద బీసీజీ (క్షయ టీకా) మచ్చ మళ్లీ ఎర్రబడిందేమో చూడండి. మన పిల్లలందరికీ ఆ టీకా వేస్తాం కాబట్టి మనకు అందుబాటులో ఉన్న ఆధారం అది. లక్షణాలన్నీ ఒకే రోజు ఉండవు, సోమవారం వచ్చిన దద్దు బుధవారానికి పోతుంది. అందుకే ‘ఇవాళ ఏముంది’ అని కాదు, ‘ఈ అయిదు రోజుల్లో ఏమేమి వచ్చి పోయాయి’ అని అడగాలి. పదో రోజు లోపు ఇమ్యునోగ్లోబులిన్ (నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) పడితే గుండె రక్తనాళాలను చాలావరకు కాపాడవచ్చు.

తల్లి మాట గురించి. ‘వీడు ఎప్పుడూ ఇలా ఉండడండీ’ అని తల్లి అంటే దాన్ని కూడా నాడిలా, జ్వరంలా కేస్ షీట్‌లో రాసుకోండి. ఇంగ్లండుకు చెందిన మార్తా మిల్స్ అనే పదమూడేళ్ల అమ్మాయి 2021లో సైకిల్ మీద నుంచి పడి, క్లోమానికి దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరింది. తర్వాత ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకింది. తల్లిదండ్రులు తమ భయం చెబుతూనే ఉన్నారు. ఆమె చనిపోయింది. ముందే ఐసీయూకు మార్చి ఉంటే బహుశా బతికేదని విచారణలో తేలింది. ఆ తల్లిదండ్రులు పోరాడారు. 2024 నుంచి అక్కడి ఆసుపత్రుల్లో ‘మార్తా నియమం’ అమలులోకి వచ్చింది. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపిస్తే, అదే ఆసుపత్రిలోని వేరే బృందాన్ని పిలిచి చూపించుకునే హక్కు వారికి ఉంటుంది. మన దగ్గర అలాంటి నియమం కోసం ఆగాలా? ‘ఇంకో డాక్టరుకు చూపించండి’ అని తండ్రి అడిగితే కోపం తెచ్చుకోకుండా ఇంకొకరిని పిలవడానికి మనకు ఏ జీవో కావాలి?

అదే జబ్బుతో రెండోసారి తీసుకొచ్చిన బిడ్డను పాత చీటీ చూడకుండా, మొదటిసారి వచ్చినట్టే పరీక్షించండి. పాత చీటీ ఆ తర్వాత చదవండి. వీలైతే మొదటిసారి చూసినవారు కాకుండా ఇంకొకరు చూడాలి, అదీ అనుభవం ఉన్నవారు. ఇంటికి పంపే ముందు గుండె వేగం, ఊపిరి మళ్లీ లెక్కపెట్టండి. జ్వరం తగ్గాక కూడా గుండె అదే వేగంతో కొట్టుకుంటోందా? సెలైన్ ఎక్కించాక బిడ్డ తేరుకోవాల్సింది పోయి ఆయాసపడుతోందా, కాలేయం చేతికి తగులుతోందా? అయితే అది గుండె కండరాల వాపు కావచ్చు. సెలైన్ ఆపి, ఈసీజీ తీసి, పైవారికి ఫోను చేయండి.

ఇంటికి పంపేటప్పుడు ‘ఎక్కువైతే తీసుకురండి’ అంటాం. ఎక్కువ కావడం అంటే ఏమిటో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? చీటీ వెనుక తెలుగులో రాయండి. ‘ఈ రాత్రి పన్నెండు లోపు మూత్రం పోయకపోతే, తాగింది తాగినట్టు కక్కేస్తుంటే, లేపినా సరిగా లేవకపోతే, డొక్కలు ఎగరేస్తుంటే, ఫిట్స్ వస్తే తెల్లవారే దాకా ఆగకండి, 108కి ఫోను చేయండి.’ రాసి ఊరుకోకుండా ఆమెతో చెప్పించుకోండి. ‘ఎప్పుడు తీసుకొస్తారమ్మా, నాకు చెప్పండి’ అని. ఆమె చెప్పలేకపోతే మనం సరిగా చెప్పలేదన్నమాట. వారి ఫోను నంబరు తీసుకోండి, బిడ్డ రక్త పరీక్ష ఇంకా రాలేదంటే అది వచ్చాక ఎవరు చూస్తారో, ఎవరు ఫోను చేస్తారో మనిషి పేరు రాసి పెట్టండి. డ్యూటీ మారేటప్పుడు ఆ కాగితం చేతికి ఇచ్చి వెళ్లండి.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక ప్రశ్నలు అడగండి. ముందు నర్సులు అడగండి, తర్వాత వెనుక కూర్చున్న తల్లిదండ్రులు. డాక్టర్లు చివర్లో అడుగుదురు గాని.